ఉరుగ్వే గాలి, ఉరుగ్వే నీళ్లు



దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అని ఒక చిన్న దేశం ఉంది. జనం 35 లక్షలే. పశువులు మాత్రం కోటి పైమాటే. సేద్యం, పశువుల మీద బతికే దేశం కాబట్టి దాని సంగతి మనకు పనికొస్తుంది.

అక్కడ బొగ్గు లేదు, చమురు లేదు. ఆనకట్టల కరెంటే పెద్ద ఆధారం. వాన తప్పిన ఏడాది చమురు కొని కరెంటు చేసుకోవాలి. 2008లో రామోన్ మెందెస్ అనే భౌతిక శాస్త్రవేత్తకు ఇంధన శాఖ బాధ్యత అప్పగించారు. 2010లో అధికార పక్షం, ప్రతిపక్షాలు కలిసి ఒకే విధానానికి ఒప్పుకున్నాయి. (మన దగ్గర అలాంటి రోజు ఎప్పుడు చూస్తామో!) పదేళ్లు తిరక్కముందే 90 శాతానికి పైగా కరెంటు నీరు, గాలి, కలప వ్యర్థాలు, ఎండ నుంచే రావడం మొదలైంది.

ప్రైవేటు కంపెనీలు ఫ్యాన్లు పెట్టాయి, నిజమే. అయితే వేలంలో ధర తేల్చి, దీర్ఘకాల ఒప్పందంతో యూటీఈ అనే ప్రభుత్వ సంస్థకే కరెంటు అమ్మాలి. ఆ సంస్థను అమ్మలేదు. 1992లోనే ప్రభుత్వ సంస్థల ప్రైవేటీకరణ చట్టాన్ని జనం ఓటేసి కొట్టేశారు. ఫ్యాను పెట్టిన చేలో రైతుకు కౌలు వస్తుంది, పశువులు దాని కిందే మేస్తాయి.

అంతవరకు బాగుంది. ఇప్పుడు గ్రీన్ హైడ్రోజన్ వచ్చింది. కరెంటుతో నీళ్లను విడగొట్టి తీసే వాయువు అది. కిలోకు తొమ్మిది లీటర్ల నీళ్లు కావాలి, శుద్ధి చేయడంలో పోయేవి వేరే. 2022లో ప్రభుత్వం ఎగుమతులే గురిగా ప్రణాళిక బయటపెట్టింది. తంబోరెస్ దగ్గర భూగర్భజలం తోడి హైడ్రోజన్ చేస్తామంటే ఊరివాళ్లు అడ్డం తిరిగారు. 2023 కరవులో రాజధాని మాంటెవీడియో కుళాయిల్లో ఉప్పునీళ్లు వచ్చాయి. నీళ్లు మనిషి ప్రాథమిక హక్కని 2004లో ఓటేసి రాజ్యాంగంలో రాయించుకున్న జనం వాళ్లు. ఊరుకుంటారా?

మన పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. కాకినాడలో గ్రీన్ అమ్మోనియా అంటున్నారు. యూరియాకు మూలం అమ్మోనియానే. బస్తా కోసం మనం క్యూలో నిలబడి ఉంటే, ఇక్కడ తయారైంది ఓడెక్కి పోతుందా? నీళ్లు ఎక్కడివి? ఈ రెండూ మనం అడగాలి.

మేం హైడ్రోజన్‌కు వ్యతిరేకం కాదు. కానీ మా మండలంలో సోలార్‌కు భూములు కౌలుకిచ్చినప్పుడు కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. కౌలు ఎన్నేళ్లకు ఎంత పెరుగుతుందో చదివి చెప్పినవాళ్లు లేరు. సంతకాలు అయ్యాక తెలిసింది, మధ్యలో ఒప్పందం మానుకునే హక్కు కంపెనీకే ఉందని.

వచ్చే నెల మండల కమిటీలకు మీ కౌలు కాగితాల నకళ్లు పట్టుకు రండి. కూర్చుని తెలుగులో చదివించుకుందాం.