కొక్కెం సూది పట్టిన చేతికి రేటు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి కుట్టుపని, మగ్గం వర్కు, చీర కుచ్చుల మీద ఇల్లు నడుపుకుంటున్న అక్కచెల్లెళ్లు ఇంతమంది వచ్చారు. కొక్కెం సూదితో అల్లే క్రోషా గురించి మాట్లాడడానికి నాకు ఇంతకంటే మంచి సభ దొరకదు.

మీ దగ్గరికి వచ్చే కాలేజీ అమ్మాయిలు ఫోనులో ఫొటో చూపించి "ఆంటీ, ఇలాంటి బోహో టాప్ కావాలి" అంటున్నారు కదా. వదులు గౌను, నేలను తాకే స్కర్టు, మెడలో పూసలు, పైన గళ్లుగళ్లుగా అల్లిన క్రోషా కోటు. ఈ వేషానికి మూలం 19వ శతాబ్దపు పారిస్‌లో ఉంది. చేతిలో డబ్బు లేని చిత్రకారులు, రచయితలు కలవారి బిగుతు దుస్తులను కాదని తమకు నచ్చినట్టు కట్టుకున్నారు. సంచార జీవులైన రోమా ప్రజలు బొహీమియా దేశం నుంచి వచ్చారని పారిస్‌వాళ్లు పొరబడి, బొహీమియన్ అన్న ఆ పేరునే ఈ కళాకారులకూ తగిలించారు. నిజానికి రోమాల భాష వేర్లు మన దేశంలో ఉన్నాయి. 1960ల చివర హిప్పీలు ఆ వేషాన్ని మళ్లీ ఎత్తుకున్నారు. 2000 దాటాక ఇంకోసారి వచ్చింది. 2024లో పారిస్‌లో క్లోయి సంస్థకు కెమేనా కమాలి చేసిన తొలి ప్రదర్శనతో మళ్లీ ఊపందుకుంది. వచ్చిన ప్రతిసారీ క్రోషాను వెంటబెట్టుకునే వచ్చింది.

ఎందుకు? అందం ఒక్కటే కారణమైతే పదేళ్లకు మొహం మొత్తేది. క్రోషా నిలబడడానికి అసలు కారణం ఆ అల్లిక తీరులోనే ఉందని నా నమ్మకం.

ఒకసారి సూది కదలికను చూడండి. స్వెటర్ అల్లేటప్పుడు వరుసలోని లూపులన్నీ సూది మీదే ఉంటాయి. ఒకటి జారితే కింది వరకూ జారుతుంది. క్రోషాలో సూది మీద మామూలుగా ఒక్క లూపే మిగులుతుంది. కొక్కెంతో దారాన్ని లాగి, ఉన్న లూపులోంచి తీస్తే ఒక కుట్టు అక్కడికక్కడే పూర్తి. తర్వాతి కుట్టు ఎక్కడ వేయాలన్నది చేతి ఇష్టం: పక్కనా, కిందటి వరుసలోనా, మధ్యలోని సందులోనా. అందుకే గుండ్రంగా తిరగవచ్చు, పలకగా పోవచ్చు, పువ్వు చేయవచ్చు. యంత్రానికి ఇబ్బంది వచ్చేదీ ఇక్కడే. వరుసగా నిలబెట్టిన సూదులతో అది స్వెటర్ అల్లేస్తుంది కానీ, ప్రతి కుట్టుకూ కొత్త చోటు వెతుక్కోలేదు. ప్రయోగశాలల్లో నమూనాలు ఉన్నాయి కానీ, బజారుకు సరుకు పోసే క్రోషా యంత్రం ఇంకా రాలేదు.

మరి షాపుల్లో చవకగా వేలాడే క్రోషా టాపుల సంగతేమిటంటారా? వాటిలో చాలావరకు యంత్రం మీద అల్లిన జాలీ బట్ట. మీరు టైలర్లు, మీకు ఇట్టే తెలిసిపోతుంది. తిరగేసి చంక దగ్గరి జాయింటు చూడండి. కత్తిరించి ఓవర్‌లాక్ కొట్టిన గుర్తు, నిలువునా ఒకే తీరులో దిగిన గొలుసులు కనిపిస్తే అది మిషన్ సరుకు. చేతి క్రోషాలో చంక వంపును కూడా కుట్లు తగ్గించుకుంటూ అల్లికలోనే తీస్తారు, కత్తెరతో పని ఉండదు.

ఇక మన తెలుగువాళ్ల కథ. విజయవాడ హైవే పట్టుకుని వెళ్లి, భీమవరం దాటితే నరసాపురం. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు అక్కడి ఆడవాళ్లకు లేసు నేర్పారని చెబుతారు. అదే దశకంలో ఐర్లండ్‌లో పెద్ద కరువు వచ్చింది. అక్కడి పేద ఆడవాళ్లు కూడా క్రోషా లేసు అల్లి కడుపు నింపుకున్నారు. రెండు చోట్లా ఆడవాళ్ల చేతిలో ఉన్న పెట్టుబడి ఒక సూది, ఒక దారం ఉండ. గోదావరి జిల్లాల్లో నేటికీ వేలమంది ఇంటి అరుగు మీదే లేసు అల్లుతున్నారు. కొందరు పూలు మాత్రమే అల్లుతారు, మరికొందరు ఆ పూలను అతుకుతారు. సరుకు విదేశాలకు పోతుంది. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1970ల చివర నరసాపురంలో ఉండి, ఆ ఆడవాళ్ల మీద 1982లో పుస్తకం అచ్చువేసింది. అందులో చూపించిన నిజం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పొద్దున వంటపని ముగించి గంటల తరబడి అల్లే ఆడదాన్ని కూలీ అని ఎవరూ అనలేదు. గృహిణి, తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకుంటోంది అన్నారు. కాలక్షేపం అన్నారు కాబట్టి పొలం కూలి కంటే తక్కువ ఇచ్చి సరిపెట్టారు. ఎగుమతిదారులు మాత్రం మేడలు కట్టారు. ఆ మాట అంత అన్యాయం చేసింది.

ఇది గోదావరి గోడే అనుకోకండి. మన ఊళ్లలో పెళ్లి సీజన్ వస్తే పట్టుచీరల కొంగులకు క్రోషా కుచ్చులు అడుగుతున్నారు. కొంగు అంచులో సూది గుచ్చి, సిల్కు దారం లాగి, పూస ఎక్కించి గొలుసు బిగించడం, మళ్లీ పక్కన ఇంకోటి. దారం ఒకచోట వదులైతే వరుసంతా వంకర. మెడ నొప్పి, కళ్ల మంట మీకే ఎరుక. అయినా "అక్కా, ఇంత చిన్న పనికి అంతా?" అని బేరం ఆడతారు. మీలో కొందరు కూడా "ఖాళీగానే ఉంటానుగా" అని రేటు తగ్గిస్తారు. ఆ ఖాళీ ఎక్కడిదో ఒకసారి ఆలోచించండి. పిల్లలు పడుకున్నాక నిద్ర తగ్గించుకుని చేసుకున్నదే కదా.

బోహో గిరాకీకి సరిపోయే ఇంకో చేతిపని మన పక్కనే ఉంది. మన తండాల లంబాడీ పెద్దమ్మలు తమ కాంచళికి (రవికకు), ఫేటియాకు (లంగాకు) అద్దాలు, గవ్వలు, నాణేలు కుట్టుకుంటారు. బోహో దుకాణాల్లో అద్దాల పని ఉన్న సంచులకు ఎంత గిరాకీ ఉందో చూస్తూనే ఉన్నారు. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన తండాల్లో ఆ పని తెలిసిన చేతులు ముసలివైపోతున్నాయి. వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోండి, నేర్పినందుకు వాళ్లకు డబ్బు కట్టండి. ఆ అద్దాల పట్టీకి మీ క్రోషా అంచు కలిస్తే పుట్టే జాకెట్టు ఏ యంత్రానికీ దొరకదు.

ఇక రేటు సంగతి. కొత్త డిజైన్ ఒప్పుకునే ముందు జానెడు ముక్క అల్లండి. మొదలెట్టిన సమయం, ముగించిన సమయం పుస్తకంలో రాయండి. దారం, పూసల ఖర్చు వేరుగా రాయండి. మొత్తం కొలతకు ఎన్ని గంటలు పడుతుందో లెక్క కట్టి, గంటకు మీ ఊళ్లో కూలి ఎంత నడుస్తోందో దానికి తగ్గకుండా వేయండి. ఆ కాగితాన్ని గిరాకీదారుకు చూపించి మాట్లాడండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత తలా ఒక ముక్క అల్లి ఈ లెక్క ఇక్కడే వేసి చూద్దాం. సూదులు, దారం తెచ్చుకున్నవాళ్లు ముందు వరుసలోకి రండి.