ఏటిమొగకు రావలసిన ఒండ్రు

ఈ స్నాతకోత్సవంలో పట్టాలు అందుకుంటున్నవారిలో ఇంజనీర్లు, అధికారులు కాబోయేవారు ఎదుర్కోవలసిన ప్రశ్నల్లో ఒకటి, జలవిద్యుత్తు కోసం నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలను వాటి ఆయుష్షు తీరాక ఏం చేయాలన్నది. అమెరికాలోని ఎల్వా నదిపై 1913లోను, 1927లోను పూర్తయిన రెండు జలవిద్యుత్తు ఆనకట్టలను 2011–2014 మధ్య తొలగించినప్పుడు, దశాబ్దాలుగా జలాశయాల అడుగున చిక్కుకున్న ఒండ్రు, అంటే ప్రవాహం మోసుకొచ్చే ఇసుక, మట్టి, సముద్రానికి చేరి నదీముఖం వద్ద కొత్త తీరాన్ని నిర్మించింది. ఆ తొలగింపు కోసం పట్టుబట్టినవారిలో ముందున్నది నది మొగ దగ్గర నివసించే క్లాలమ్ తెగవారు.

ఇక మన నెల్లూరు తీరంలోని మైపాడు ఒడ్డున గుప్పెడు ఇసుకను అరచేతిలో పరిస్తే తెల్లని రేణువుల మధ్య నల్లనివీ కనిపిస్తాయి. అవి లోతట్టు కొండల రాళ్లు అరిగి నదుల వెంట వచ్చిన ఖనిజాలు. నంది కొండల్లో పుట్టిన పెన్న, మైపాడుకు ఉత్తరంగా ఊటుకూరు వద్ద సముద్రంలో కలిసే ముందు, 78 టీఎంసీల సోమశిల జలాశయంలో ఆగుతుంది (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). నిలిచిన నీటిలో బరువైన ఇసుక అడుగుకు దిగి పూడికగా మారుతుంది కనుక, గేట్లు దాటి దిగువకు వచ్చేది చాలావరకు తేలికైన బురదే.

పూడిక ఎంత పెద్ద విషయమో కృష్ణా నదిపై ఉన్న శ్రీశైలం చెబుతుంది. జలవిద్యుత్తు కోసం తలపెట్టిన, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ జలాశయం తొలి సామర్థ్యం 308 టీఎంసీలు కాగా ఇప్పటి లెక్క 215. పూడిక మింగిన ఆ 93 టీఎంసీలు సోమశిల మొత్తం కంటే ఎక్కువ. ఆ సోమశిలకే తెలుగుగంగ ద్వారా శ్రీశైలం నీరు వస్తుంది, అక్కడి నుంచి కండలేరు మీదుగా చెన్నై దాహం తీరుస్తుంది. అందుచేత ఎల్వాను చూపి శ్రీశైలాన్ని కూల్చమనడం బాధ్యతలేని మాట. అయితే 2021లో ఆ జలాశయం వద్ద విద్యుదుత్పత్తిపై రెండు తెలుగు రాష్ట్రాల మధ్య రేగిన వివాదం నీటి వాటాల చుట్టూనే తిరిగింది. ఒండ్రుకూ వాటా ఉండాలన్న మాట, మొగ దగ్గర వలలు వేసేవారికీ పక్షం ఉందన్న గుర్తింపు అందులో చోటు చేసుకోలేదు.

అదే ఏడాది నవంబరు 19న పెన్న ఉపనది చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, ప్రాణాలు పోయి, పొలాలు ఇసుక మేటల కింద కూరుకుపోయాయి. ఏటా కొంచెంగా దిగువకు సాగవలసిన ఇసుక ఒక్క ఉదయాన అక్కరలేని చోట పడడం రైతుకు నష్టమే, తీరానికీ లాభం కాలేదు, ఎందుకంటే ఆ దారిలో మళ్లీ సోమశిల ఉంది.

తొలగింపు కుదరని ఆనకట్టల నుంచి వరద రోజుల్లో అడుగు తూముల గుండా ఎంత ఒండ్రు వదలవచ్చో తేల్చడం ఈ పట్టభద్రులు చేయగలిగిన పని. సోమశిల నుంచి వరద వచ్చినప్పుడు ఊటుకూరు మొగ నుంచి సముద్రం ఎంత దూరం ఎర్రబడుతుందో పడవలవారు చూసి చెప్పగలరు గనుక, ఆ లెక్కను వారిని అడగడంతో మొదలుపెట్టడం సబబు.