స్నేహపు బల్ల



మన పల్లెలలో మనాది యను మాట గలదు. అన్నము సహింపక, నిద్ర రాక, పట్టిన పని నడుమ విడిచి దిక్కులు చూచువానిని జూచి, వీనికి మనాది పట్టినదందురు. ఆఫ్రికాఖండమునందలి జింబాబ్వే దేశమున షోనా భాషవారు ఇట్టిదానినే కుఫుంగిసిసా యందురు. మితిమీరి ఆలోచించుట యని దాని యర్థము. వైద్యశాస్త్రపు పేర్లకంటె ఈ నాటుపేర్లే మేలని నాకు దోచును. వీనిని విని రోగి సిగ్గుపడడు. ఆ దేశపు అవ్వలు ఈ మనాదికి మాటలతో చేయు చికిత్సను గూర్చి నేడు చెప్పదలచితిని.

2005వ సంవత్సరమున ఆ దేశ ప్రభుత్వము పట్టణములలోని పాకలను, చిల్లర దుకాణములను పడగొట్టించెను. ఐక్యరాజ్యసమితి వారి అంచనా ప్రకారము సుమారు 7 లక్షలమంది ఇల్లో, జీవనమో, రెండునో కోల్పోయిరి. మనసు చెదరినవారు వేలకు వేలు. మానసిక వైద్యులో, దేశమంతటికిని పట్టుమని పదిహేనుగురు లేరు. వారిలో డిక్సన్ చిబాండా యనువారొకరు. ఆయన చికిత్సలో నుండిన యువతి యొకతె, ఆసుపత్రికి వచ్చుటకు బస్సు ఛార్జీ లేక నిలిచిపోయి, ఆత్మహత్య చేసికొనెను. రోగి రాలేనిచోటికి వైద్యమే పోవలెనని ఆయనకు అప్పుడు తోచెను.

2006లో రాజధానియగు హరారేలోని ఎంబారే యను పేదల పేటలో 14గురు అవ్వలతో ఆయన పని నారంభించెను. వైద్యశాలలో గది లేదు, నర్సులకు తీరిక లేదు. కావున ఆరుబయట బల్ల యొకటి వేయించిరి. దానికి మొదట మానసికారోగ్యపు బల్ల యని పేరిడగా ఎవరును దాపునకు రాలేదు. అవ్వలే ఆ పేరు మాన్పించి స్నేహపు బల్ల యనిపించిరి. డాక్టరుగారికంటె వారికే లోకము తెలియును.

వచ్చినవారిని అవ్వ ముందుగా 14 ప్రశ్న లడుగును. గడచిన వారములో నిద్ర పట్టకపోయెనా, ఏడుపు వచ్చెనా, చచ్చిపోవలె ననిపించెనా, అవునో కాదో చెప్పిన చాలును. పిమ్మట కష్టము చెప్పుకొమ్మనును. ఈ మెట్టునకు మనసు తెరచుట యని వారి భాషలో పేరు.

మన యూరి రైతు నొకని ఆ బల్లపై కూర్చుండబెట్టినట్లు తలచుకొనుడు. బోరు ఎండినది, అప్పు పెరిగినది, తమ్ముడు మాటలాడుట మానినాడు. మనమైనచో ఏమి చేయుదుము? పది నిమిషములు వినకమునుపే ధైర్యముగా నుండుమందుము. లేదా పొలము కౌలుకిమ్మని తీర్పు చెప్పుదుము. అవ్వ అట్లు చేయరాదు. శిక్షణలో ఆమె ముఖ్యముగా నేర్చునది నోరు కట్టుకొనుట. ఈ మూడింటిలో ముందు దేనిని పట్టుకొందువని అడుగును. అతడు అప్పు అన్నచో, వచ్చు వారములోగా నీవు చేయగలిగిన దేమని అడుగును. ఎవరెవరికి ఎంత ఈయవలెనో కాగితముపై వ్రాసికొని వచ్చెదనని అతడే చెప్పును. మరుసటి వారము ఆ కాగితము తెచ్చునప్పటికి అప్పు రూపాయియైనను తగ్గదు గాని, తన చేత ఒక పని యైనదని అతనికి తెలియును. ఇట్లు ఆరు మారులు కూర్చుందురు.

దీనిని ముసలమ్మల ముచ్చటయని కొట్టివేయ వీలులేదు. హరారేలోని 24 వైద్యశాలలయందు 573 మందితో పరీక్ష జరిపి, ఫలితమును 2016లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటించిరి. ఆరు నెలల పిమ్మట, మామూలు చికిత్స పొందినవారిలో సగముమందికి దిగులు లక్షణములు నిలిచియుండగా, బల్లపై కూర్చున్నవారిలో నూటికి 14గురికి మాత్రమే మిగిలెను.

అవ్వ వైద్యురాలు కాదు. చచ్చిపోవుదునన్నవానిని ఆమె తనయొద్ద నిలుపుకొనక పైవారికి అప్పగించును. ఈ కట్టుబాటే లేనిచో ఈ పద్ధతిని నేను మెచ్చియుండను.

మన దేశమునను గోవాలో, వైద్యులు కానివారికి శిక్షణ నిచ్చి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఇట్టి మాటల చికిత్స చేయింపగా, తీవ్రమైన దిగులు గలవారికిని మేలు కలిగినదని 2017లో ప్రకటించిరి. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలలో ఆశా కార్యకర్తలు ఇట్టివారిని గుర్తించి వైద్యుని యొద్దకు పంపు ప్రయత్నమును జరిగినది.

మీ యూరిలో ఎవరైన ప్రాణముపై విరక్తి పలికినయెడల ఒంటరిగా విడువక, 14416 అను సంఖ్యకు టెలిఫోను చేయుడు. 2022లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ అది. రాత్రింబగళ్లు పనిచేయును, రుసుము లేదు, తెలుగున మాటలాడవచ్చును. ఇంటిలో పురుగుమందు డబ్బా ఉన్నచో ముందు దానిని తీసి వేరొకరి యింట దాచుడు.