కుంచె కట్టు



రజతోత్సవ సభలో కావ్యములను విడిచి, గడ్డము గీసికొను కుంచెను గూర్చి మాటాడుదునని నేననగా కార్యదర్శిగారు నవ్విరి. నన్నీ దారి పట్టించినది మన గ్రంథాలయములోని నిఘంటువే. కూర్చము అను సంస్కృత పదమునకు దర్భల కట్ట యనియు, కుంచె యనియు, గడ్డమనియు అర్థములున్నవి. దర్భలైనను వెండ్రుకలైనను, ముడి గట్టిగా నున్నప్పుడే అది కట్ట యగును.

మా తండ్రిగారి కుంచె యొకటి నాయొద్ద నున్నది. వెండ్రుకలు రాలి పిడి మాత్రము మిగిలినది. దానిని పాఱవేయ మనసొప్పక, పంది వెండ్రుకలు తెప్పించి నేనే కట్టితిని. కొసలు ఎగుడుదిగుడుగా కనబడగా కత్తెరతో సమముగా కోసితిని. మఱునాడు ముఖమునకు రాచుకొనగా ముండ్లకంప తగిలినట్లయినది. క్షురకవృత్తిలో తల నెరసిన మన ఊరి పెద్ద యొకరు దానిని చూచి, “అయ్యా, కొసలెందుకు గోసిన్రు? కొస పోతే ఎంటిక ముల్లయితది. సమం చేసేది మొదట్ల, కొసల గాదు” అనిరి. ఈ విద్య యంతయు ఆ మాటలోనే యున్నది.

వెండ్రుక కొస సహజముగా సన్నము, మొదలు లావు. అందుచే కుంచె కట్టువారు కొసను కత్తెరకు చూపరు. ముందుగా వెండ్రుకలను శుద్ధి చేసి, ఆరబెట్టి, దువ్వి, పొట్టి నూగును తీసివేయుదురు. తలక్రిందులైన వెండ్రుకలను ఏఱివేయుదురు. ఒక కుంచెకు చాలినంత తూచి, కొసలు క్రిందికి వచ్చునట్లు, గుండ్రని అడుగుగల చిన్న అచ్చులో నిలిపి మెల్లగా తట్టుదురు. కొసలు జారి అచ్చు ఆకారమును పొందును. పిమ్మట మొదళ్లను దారముతో బిగించి కట్టి, పైకి తీసి, మొదటివైపు సమముగా కోసి జిగురు పట్టింతురు.

ఇక పిడిలో నిలుపుట. కట్టు అడ్డుకొలత సాధారణముగా 20 మొదలు 26 మిల్లీమీటర్ల వఱకుండును. పిడి గుంటలో జిగురు లేకుండ ముందొకసారి నిలిపి చూడవలెను. వెండ్రుక సుమారు 50 మిల్లీమీటర్లు పైకి కనబడిన చాలును. గుంట లోతైనచో కుంచె బిరుసగును. లోతు చాలనిచో వాలిపోవును. కుదిరినదని తెలిసిన పిమ్మటనే జిగురు పెట్టి, ఒక దినము కదల్పక యుంచవలెను.

శుద్ధి యను మాటను తేలికగా తీసికొనరాదు. మన గొఱ్ఱెలకాపరులెఱిగిన దొమ్మరోగపు బీజములు ఎండిన వెండ్రుకలలో ఏండ్ల తరబడి బ్రదికియుండును. ఊరక నీట కడిగినంత మాత్రమున చావవు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున సరిగా శుద్ధి చేయని గుఱ్ఱపు వెండ్రుకల కుంచెల వలన బ్రిటన్, అమెరికా దేశములలో పలువురు ఆ రోగము సోకి మరణించిరి. కత్తిగాటే దానికి ద్వారమయ్యెను. 1920లో బ్రిటన్ జపాను క్షౌరపు కుంచెల దిగుమతిని నిషేధించెను. కొనువాని కంటికి ఆ కుంచెలును చక్కగానే యుండెను గదా!

మఱొక మాట. కుంచెల కొఱకు ముంగిసలను చంపినవారును కలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ముంగిస నేడు రక్షిత జంతువు. దాని వెండ్రుకల వ్యాపారము నేరము. కృత్రిమపు పోగులతోను మంచి కుంచెలు కట్టుచున్నారు. కావున కొనునపుడు ఇది యే వెండ్రుక యని అడుగుడు.

1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మన చుట్టును అద్దాల మేడలు లేచినవి. వానిలో పనిచేయు మన పిల్లలను చూచి సంతోషించువారిలో నేనొకడను. ఐనను, చేతిపని చిన్నదని వారు తలపకుందురు గాక. లెక్కలు వ్రాయువానిగా నేనెఱిగినదొకటి: పుటలో అందఱును చూచునది చివరి మొత్తము, తప్పు దాగునది పై పద్దులలో. కుంచెయు నట్టిదే. నురుగు తెచ్చునది కొస. దానిని నిలుపునది పిడిలో దాగిన ముడి.

ఈ గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలిపినవారును అట్టివారే. అలమరలు తుడిచినవారు, చిరిగిన పుస్తకములను కుట్టినవారు, చందాలకై ఇంటింటికి తిరిగినవారు నేడీ వేదికపై లేరు. వారికి నమస్కరించి విరమించుచున్నాను.