స్కాను కాగితం ఒక్కటే చాలదు
(మార్కాపురం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. మీలాగే పింఛనుదారుణ్ణి. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవవలసి వస్తున్నా, "వయసు మీద పడింది, పైగా మన ఫ్లోరైడు నీళ్లు" అని రెండేళ్లు సరిపెట్టుకున్నాను. స్కానింగు గర్భిణులకే అనుకునేవాణ్ణి. చివరకు మా ఆవిడ పోరు పడలేక పొట్ట మీద స్కాను తీయించుకున్నాను. "ప్రొస్టేట్ గ్రంథి పెరిగింది" అని వ్రాశారు. క్యాన్సరు అన్న మాట లేదు గదా అని ఆ కాగితం బీరువాలో పెట్టి ఎనిమిది నెలలు నిశ్చింతగా ఉన్నాను. అదే నా పొరపాటు.

ఈ గ్రంథి మూత్రాశయం క్రింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. యౌవనంలో సుమారు 20 గ్రాములు. వయసుతో చాలామందికి పెరుగుతుంది. ఈ పెరుగుదల వేరు, క్యాన్సరు వేరు. పొట్ట మీది స్కాను గ్రంథి పరిమాణాన్ని, మూత్రం పోసిన తరువాత లోపల ఎంత మిగిలిందో చెబుతుంది. క్యాన్సరు ఉన్నదీ లేనిదీ తేల్చలేదు.

జపాన్ వైద్యుడు హిరోకి వతనబే 1970 ప్రాంతంలో మలద్వారం గుండా చేసే ప్రొస్టేట్ స్కానును అభివృద్ధి చేశారు. వేలిలావు గొట్టం దగ్గరగా ఉండి చూపుతుంది. ఇవి ధ్వని తరంగాలే, ఎక్స్‌రే కిరణాలు కావు. అయినా కొన్ని క్యాన్సర్లు నల్లమచ్చగా కనబడతాయి, కొన్ని అసలు కనబడవు. మన నల్లపలక మీద నల్లగీత గీసినట్లన్నమాట! అందుచేత ఈ స్కాను ముఖ్యోపయోగం సూదికి దారి చూపడం. 1989లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు స్కాను చూస్తూ ఆరు చోట్ల ముక్కలు తీసే పద్ధతిని ప్రకటించారు. ఇప్పుడు సాధారణంగా 12 తీస్తారు. సూక్ష్మదర్శిని క్రింద ఆ ముక్కలు చూసి చెప్పేదే తుదిమాట.

నాకు మొదట పి.ఎస్.ఎ. రక్తపరీక్ష, వేలితో పరీక్ష, ఎం.ఆర్.ఐ. చేశారు. తరువాత గుంటూరు రైలెక్కి వెళ్లి ముక్క పరీక్ష చేయించుకున్నాను. క్యాన్సరేనని తేలింది. గ్రంథి దాటి పాకలేదు గనుక రేడియేషను చికిత్సతో ఈనాడు మీ ముందు నిలబడ్డాను.

అట్లని పి.ఎస్.ఎ. పెరిగితే బెంబేలు పడనక్కరలేదు. గ్రంథి వాపుకూ, చీముకూ అది పెరుగుతుంది. నిదానంగా పెరిగే క్యాన్సరును కొందరికి కనిపెట్టి చూస్తూ ఉంటే చాలు. బాధలేమీ లేనివారు, ముఖ్యంగా 70 దాటినవారు, ఈ పరీక్ష తమకు అవసరమా అని డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు సూదికి ముందే ఆ సంగతి చెప్పాలి. హెల్త్ కార్డు ఏ పరీక్షకు వర్తిస్తుందో ముందుగానే విచారించుకోండి.

సోదరీమణులారా, మీ వారు సిగ్గుపడి చెప్పరు. మీరే అడగండి. తండ్రికి, అన్నదమ్ములకు వచ్చి ఉంటే మిగిలినవారికి ముప్పు ఎక్కువ. కనుక నేను మా అబ్బాయికి దాచకుండా చెప్పాను. మీరూ చెప్పండి. బీరువాలో పాత స్కాను కాగితం ఏదైనా ఉంటే, ఇంటికి వెళ్లగానే బయటికి తీయండి.