పేర్లు రాసిపెట్టే ఉద్యోగం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు చేసే పని గురించి ఇరవై నిమిషాలు చెప్పమ్మా, అది ఏమిటో మాలో చాలామందికి తెలియదు" అన్నారు. నేనేమీ అనుకోలేదు. మా నాన్నగారికే సరిగ్గా తెలియదు. పెళ్లిళ్లలో ఎవరైనా "మీ అమ్మాయి అమెరికాలో ఏం చేస్తోందండీ?" అని అడిగితే "పత్రికలకు రాస్తుంది" అనేవారు. "దేని గురించి?" అని రెండో ప్రశ్న వస్తే "వడ్డన మొదలైనట్టుంది, పదండి" అనేవారు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు ఇవాళ చెబుతాను. నేను హిప్‌హాప్ సంగీతం గురించి రాస్తాను. దానితోపాటు అమెరికాలోని నల్లజాతి చిత్రకారులు, రచయితలు తయారుచేసే కామిక్స్ గురించి రాస్తాను. ఎమ్మెస్ చదవడానికి వెళ్లి, యూనివర్సిటీ పత్రికలో పాటల సమీక్షలతో మొదలుపెట్టి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు రాసి, చివరికి ఉద్యోగం మానేసి ఇదే పనిలో స్థిరపడ్డాను.

మన సంఘానికి ఏభై ఏళ్లు నిండాయి. నేను రాసే సంగీతానికీ ఈమధ్యే, 2023 ఆగస్టు 11న, ఏభై నిండాయి. ఒక సంగీతానికి తేదీతో సహా పుట్టినరోజు ఉంటుందా అని మీకు అనుమానం రావచ్చు. దీనికి ఉంది. న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే ప్రాంతం, సెడ్జ్‌విక్ అవెన్యూ, 1520 నంబరు అపార్ట్‌మెంట్. 1973 ఆగస్టు 11 రాత్రి ఆ భవనంలో అద్దెకిచ్చే హాల్లో ఒక పార్టీ జరిగింది. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. రికార్డులు వేసింది క్లైవ్ క్యాంప్‌బెల్ అనే 18 ఏళ్ల కుర్రాడు. పుట్టింది జమైకాలోని కింగ్‌స్టన్‌లో, పన్నెండేళ్ల వయసులో న్యూయార్క్ వచ్చాడు. లోకానికి అతను డీజే కూల్ హెర్క్.

అతను కనిపెట్టిన సంగతి చాలా చిన్నది. పాట మధ్యలో గొంతు ఆగిపోయి డ్రమ్ము ఒక్కటే మోగే కొన్ని సెకన్లు ఉంటాయి. దాన్ని 'బ్రేక్' అంటారు. డాన్సు చేసే పిల్లలు ఆ ముక్క కోసమే కాచుకుని ఉంటున్నారని హెర్క్ గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్క అందించేవాడు. అలా కొన్ని సెకన్లు కొన్ని నిమిషాలయ్యాయి. అతని పక్కన కోక్ లా రాక్ అనే మిత్రుడు మైకు పట్టుకుని, హాల్లోకి వచ్చిన స్నేహితులను పేరు పెట్టి పిలుస్తూ హుషారు చేసేవాడు. ఈనాటి ర్యాప్‌కు వేర్లలో ఒకటి అదే, పేరు పెట్టి పిలవడం.

ఇది మనకు మరీ కొత్తేమీ కాదు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథ నడుస్తూ ఉండగానే ఊరి సంగతీ, ప్రభుత్వం సంగతీ వచ్చేస్తాయి. షేక్ నాజర్ గారి కథ విన్నవాళ్లకు నేను ర్యాప్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఆ ఆగస్టు 11 పార్టీ పెట్టింది హెర్క్ కాదు, అతని చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలి, డబ్బు కావాలి. హాలు అద్దెకు తీసుకుని, కార్డుల మీద ఆహ్వానాలు చేత్తో రాసి, అన్నను రికార్డులు వేయమంది. హిప్‌హాప్ విన్న ప్రతివాళ్లకీ ఏదో ఒక ర్యాపర్ పేరు తెలుసు. సిండీ పేరు తెలిసినవాళ్లు బాగా తక్కువ. నేను ఆ భవనం ముందు చాలాసార్లు నిలబడ్డాను. మామూలు అపార్ట్‌మెంట్, పక్కనే హైవే హోరు. అక్కడ నిలబడ్డ ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది కొత్త బట్టల కోసం చూస్తున్న ఆ బడిపిల్లే.

పేరు పోతే ఏమవుతుంది? ఒక ఉదాహరణ చెబుతాను. 1969లో ది విన్‌స్టన్స్ అనే బృందం ఒక రికార్డు విడుదల చేసింది. దాని రెండో వైపున 'ఆమెన్, బ్రదర్' అనే వాద్యగీతం ఉంది. అందులో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఏడు సెకన్లలోపు ఒంటరిగా వాయించిన ముక్కను తర్వాతి తరాలవాళ్లు కత్తిరించి వేల పాటల్లో వాడుకున్నారు. ఎన్నో పాటలకు అదే పునాది. కోల్‌మన్‌కు దానిమీద ఒక్క డాలరు రాలేదు. 2006లో ఇల్లూ వాకిలీ లేకుండా పోయాడు. 2015లో బ్రిటన్ అభిమానులు చందాలు వేసుకుని, బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 24 వేల పౌండ్లు అందజేశారు. వాయించినవాడు అప్పటికి లేడు.

మన దేశం కథ కూడా ఒకటుంది. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికన్ గాయని పాట 'అడిక్టివ్' పెద్ద హిట్టయింది. అందులో వెనకాల వినిపించే గొంతు లతా మంగేష్కర్ గారిది. 1981 నాటి హిందీ సినిమా 'జ్యోతి' కోసం బప్పీ లాహిరి కట్టిన బాణీ అది. ఆల్బం మీద ఆయన పేరు లేదు. ఆయన కోర్టుకు వెళ్లారు. 2003లో లాస్ ఏంజెలెస్ న్యాయస్థానం, లాహిరి పేరు వేయకుండా ఆ ఆల్బం అమ్మడానికి వీల్లేదని ఆదేశించింది. పేరు కోసం సముద్రం దాటి పోరాడగలిగిన మనిషి కాబట్టి ఆయనకు దక్కింది. కోల్‌మన్‌కు ఆ స్తోమత లేదు.

నా పని ఇక్కడ మొదలవుతుంది. ఎవరు వాయించారు, ఎవరు రాశారు, ఎవరు పోస్టరు గీశారు, ఎవరు స్పీకర్లు మోశారు అని అడిగి రాసుకోవడం. ఒకసారి బ్రాంక్స్‌లో ఒక పాతకాలపు డాన్సరుతో మాట్లాడి వ్యాసం రాశాను. పత్రిక వచ్చిన రోజున ఆయన పది కాపీలు కొన్నాడు. "నా పేరు స్పెల్లింగు తప్పు లేకుండా అచ్చులో చూడటం ఇదే మొదటిసారి" అన్నాడు. నాలుగేళ్ల తర్వాత ఆయన పోయాడు. అంత్యక్రియలకు వెళ్తే, వచ్చినవాళ్లకు పంచిన కాగితం వెనకవైపు నా వ్యాసం అచ్చువేసి ఉంది. వాళ్లమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఏమీ మాట్లాడలేదు. నాకు వచ్చిన అవార్డులేవీ ఆ కాగితానికి సాటి రావు.

"మా పాట గురించి రాయడానికి నువ్వెవరు?" అని కూడా నన్ను అడిగారు, ఒకసారి కాదు, చాలాసార్లు. అడగాల్సిన ప్రశ్నే. రెండోవైపు మనవాళ్లు, "ఆ వీధుల్లోకి వెళ్లకమ్మా, ఆ జనంతో మనకెందుకు?" అనేవారు. ఇద్దరికీ నేను ఒకే చరిత్ర చెబుతాను. 1965కు ముందు అమెరికా చట్టం ప్రకారం మన దేశం నుంచి ఏటా అక్కడ స్థిరపడటానికి అనుమతి దొరికేది వంద మందికి. ఆ కోటాలను ఎత్తేసింది 1965 నాటి వలస చట్టం. నల్లజాతివాళ్లు వీధుల్లో దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి సాధించుకున్న పౌరహక్కుల చట్టాల వెంటే, ఆ వాతావరణంలోనే అదీ వచ్చింది. ఇవాళ అక్కడ మన తెలుగు సంఘాలు, గుళ్లు, ఉగాది సభలు ఉన్నాయంటే ఆ తలుపు తెరిచినవాళ్లలో వాళ్లున్నారు. ఆ జనంతో మనకు సంబంధం లేదనడం చరిత్ర తెలియని మాట. కనుక నేను వాళ్ల తరఫున మాట్లాడను, వాళ్లు చెప్పింది విని, పేరుతో సహా రాస్తాను. నాకున్న హక్కు అంతే.

సంగీతం నుంచి కామిక్స్‌లోకి నన్ను తీసుకెళ్లింది ఈ పేర్లే. ర్యాపర్లు తమ పేరు తామే పెట్టుకుంటారు, కొందరు బొమ్మల పుస్తకాల్లోంచి తెచ్చుకుంటారు. ఘోస్ట్‌ఫేస్ కిల్లా 1996 ఆల్బం పేరు 'ఐరన్‌మ్యాన్'. ఎమ్‌ఎఫ్ డూమ్ ముఖానికి తొడుక్కున్న లోహపు ముసుగు మార్వెల్ వారి డాక్టర్ డూమ్‌ను చూసి చేసుకున్నదే. ఆ పిల్లలు చదివిన బొమ్మల పుస్తకాల్లో వాళ్లలాంటి వీరులు దాదాపు లేరు. మరి వాళ్లవాళ్లు గీసిన పుస్తకాలు లేవా అని వెతుక్కుంటూ పోయాను. ఉన్నాయి.

1947లో ఫిలడెల్ఫియాలో ఓరిన్ ఎవాన్స్ అనే నల్లజాతి విలేఖరి, తాను పనిచేసే పత్రిక మూతపడ్డాక, కొందరు మిత్రులతో, సోదరుడితో కలిసి 'ఆల్-నీగ్రో కామిక్స్' అనే పుస్తకం తెచ్చాడు. రాసినవాళ్లు, గీసినవాళ్లు అందరూ నల్లజాతివాళ్లే. వెల 15 సెంట్లు, మీద ఉన్న తేదీ 1947 జూన్. రెండో సంచిక సిద్ధం చేసుకున్నాడు గానీ దానికి కాగితం అమ్మేవాడు దొరకలేదు. ఆ ఒక్క సంచికతోనే ఆగిపోయింది.

జూన్ 1947 అనగానే మీలో కొందరికి మరో నెల గుర్తొచ్చి ఉంటుంది. ఆ మరుసటి నెలే, జూలై 1947లో, మద్రాసులో నాగిరెడ్డి-చక్రపాణి గార్ల 'చందమామ' పుట్టింది. ఒకటి ఒక్క సంచికతో ఆగింది. ఇంకోటి దశాబ్దాలపాటు మన ఇళ్లన్నిటికీ వచ్చింది. తేడా ప్రతిభలో లేదు. కాగితం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నదాంట్లో ఉంది. హార్లెమ్‌లోని షాంబర్గ్ సెంటర్‌లో జరిగే బ్లాక్ కామిక్ బుక్ ఫెస్టివల్‌లో ఒక స్టాలు దగ్గర ఈ రెండు నెలల సంగతి చెబితే, అక్కడున్న పెద్దాయన నా ఫోనులో చందమామ ముఖచిత్రాలు అరగంట సేపు చూశాడు. "ఇవి ఎవరు గీశారు?" అన్నాడు. వడ్డాది పాపయ్య గారి పేరు, శంకర్ గారి పేరు చెప్పాను. రాసుకున్నాడు.

ఆయన వేసిన రెండో ప్రశ్న "ఎడిటర్ ఎవరు?" అని. చందమామ మీద మనం చదివిన పేరు చక్రపాణి గారిది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ కథలను మనం చదివిన తేట తెలుగులోకి తీర్చినవారు కొడవటిగంటి కుటుంబరావు గారు. చిన్నప్పుడు మనలో ఎంతమందికి తెలుసు ఆ సంగతి? పేరు పోవడం అమెరికాలోనే జరిగేది కాదు.

1993లో డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కావన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్ కలిసి 'మైల్‌స్టోన్' అనే కామిక్స్ సంస్థ పెట్టారు. వాళ్ల కథానాయకుల్లో ఒకడు స్టాటిక్, విద్యుత్తును ఆడించగల హైస్కూలు కుర్రాడు. వాడి అసలు పేరు వర్జిల్ హాకిన్స్. 1949లో ఆ పేరుగల ఒక నల్లజాతి వ్యక్తి ఫ్లోరిడా విశ్వవిద్యాలయ లా కాలేజీలో సీటుకు దరఖాస్తు పెడితే, రంగు కారణంగా ఇవ్వలేదు. ఆయన ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. ఆ పేరునే వీళ్లు తమ వీరుడికి పెట్టారు. కాలేజీ రిజిస్టరులో చేరనివ్వని పేరు తర్వాత టీవీ కార్టూనులో ఇంటింటికీ వెళ్లింది.

పని మీద తిరిగిన దేశాల్లో ఒక్కదాని గురించి చెప్పి ముగిస్తాను. అది పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్. రాజధాని డకార్‌లో జూమన్, కేటీ అనే ఇద్దరు ర్యాపర్లు 2013లో 'జర్నల్ రాపే' అనే వార్తా కార్యక్రమం మొదలుపెట్టారు. కోటు వేసుకుని, న్యూస్ రీడరు బల్ల వెనక కూర్చుని, వారం వార్తలను ర్యాప్‌లో చదివేవారు. జూమన్ ఫ్రెంచిలో, కేటీ అక్కడి జనభాష వోలోఫ్‌లో. ఒక టీకొట్లో టీవీ ముందు కూర్చుని చూశాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన కూర్చున్న ముసలాయన మాత్రం నవ్వుతూ, తొడ మీద తాళం వేస్తూ, మధ్యలో "నిజమే" అన్నట్టు తలూపుతున్నాడు. ఫ్రెంచి రాని మనిషికి తన ప్రభుత్వం ఏం చేస్తోందో తన భాషలో తెలుస్తోంది. తంబుర ఒక్కటే తక్కువ.

ఇప్పుడు మన బడి మాట. ఈ ఉదయం హెడ్మాస్టరు గారి గదిలో పాత గ్రూపు ఫోటోలు చూశాను. ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్నవాళ్ల పేర్లు కింద ఉన్నాయి. వెనక వరసలో చివర నిలబడ్డవాళ్ల పేర్లు లేవు. గంట కొట్టిన ఆయన, ల్యాబులో సీసాలు కడిగిన ఆయన, ఆడపిల్లల గది ముందు కాపలా కూర్చున్న ఆయమ్మ. మేం వాళ్లను "తాతా", "ఆయమ్మా" అని పిలిచాం. పేర్లు అడగలేదు. వాళ్ల గంట ప్రకారమే మనమందరం చదువుకున్నాం.

ఈ సభలో డెబ్బై దాటిన మాస్టార్లున్నారు. వాళ్లకు ఆ పేర్లు ఇంకా గుర్తున్నాయి. సంఘాన్ని నేను కోరేది ఒక్కటే. ఆ ఫోటోలు కిందికి దించి, ఈ రెండు రోజుల్లోనే మాస్టార్ల ముందు పెట్టి, ఒక్కొక్క మొహం మీద వేలు పెట్టి అడగండి. ఇంటిపేరుతో సహా రాయండి. ఎవరి వారసులైనా ఊళ్లో ఉంటే పిలిచి చూపించండి. ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను. మధ్యాహ్నం భోజనాల తర్వాత నేను ఆ గదిలోనే ఉంటాను. పెన్ను నా దగ్గరుంది. చేతనైనవాళ్లు రండి.

సెలవు.