రైల్వే పట్టణము – విద్యుద్వాహనము : బిలాస్‌పూర్ నేర్పు పాఠము
(ప్రసంగ పాఠము)



ఒక ఊరి స్వరూపమును నిర్ణయించునది నదియో, కోటయో, సంతయో అని పెద్దలు చెప్పుదురు. బిలాస్‌పూర్ విషయమున ఆ మాట సగమే నిజము. పాత ఊరు అర్పా నది ఒడ్డున పుట్టినది. కాని నేటి పట్టణమునకు రూపు నిచ్చినది ఇనుపదారి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూరు నుండి అసన్‌సోల్ వరకు వేసిన ప్రధాన మార్గము 1891లో సరకుల రవాణాకు తెరువబడెను. కట్నీ వైపు పోవు మార్గము కలియుటచే బిలాస్‌పూర్ కూడలి యయ్యెను. పట్టాల ప్రక్క కాలనీ వెలసెను. కాలనీతోపాటు ఆసుపత్రి, బడి, ఆటస్థలము, అంగడి వెలసెను. 1955 నుండి ఆగ్నేయ రైల్వేలో భాగముగా నుండిన ఈ కేంద్రము 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయ మయ్యెను.

ఈ చరిత్రలో తెలుగువారి పాలు చిన్నది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఉత్తరాంధ్ర తీరమును కూడ తాకినది. విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయపూరు చేరు మార్గము 1931 నాటికి పూర్తియైనది. ఆ పట్టాల వెంబడి శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల కుటుంబములు ఖరగ్‌పూరునకు, రాయపూరునకు, బిలాస్‌పూరునకు ఉద్యోగార్థమై తరలి పోయినవి. తాత గ్యాంగుమనుగాను, తండ్రి ఫిట్టరుగాను, కొడుకు గుమాస్తాగాను ఒకే కాలనీలో మూడు తరములు గడపిన ఇండ్లు అచ్చట కలవు. కావున బిలాస్‌పూర్ కాలనీ కష్టసుఖములు తెలుగు సంఘములో చర్చింపదగినవే.

నేటి ప్రసంగ విషయము విద్యుద్వాహనములకు ఛార్జింగు వసతి కల్పించు స్థానిక ప్రణాళిక. వినుటకిది యింజనీర్ల విషయమువలె తోచును. నిజమున కిది భూమి, హక్కు, బాధ్యత అను మూడింటికి సంబంధించిన పరిపాలనా విషయము.

విద్యుత్తుతో నడచు బండి రైల్వేవారికి క్రొత్త కాదు. భారతదేశమున మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడచెను. నేడు బిలాస్‌పూరులో విద్యుత్ ఇంజన్ల షెడ్డే కలదు. ఆ జిల్లాలోని సీపత్‌లో 2,980 మెగావాట్ల ఉష్ణ విద్యుత్కేంద్రము నడచుచున్నది. వేలకొలది టన్నుల బొగ్గును ఒక్క రైలుతో లాగు శక్తి ఆ పట్టాలపై నున్న తీగలలో ప్రవహించుచున్నది. అయినను ఆ తీగలకు నూరు గజముల దూరమున, క్వార్టరులో నివసించు ఉద్యోగి తన విద్యుత్ స్కూటరును ఎచ్చట ఛార్జి చేసికొనవలెనన్నది చిక్కు ప్రశ్నయే. కొరత విద్యుత్తుది కాదు. స్తంభము ఎవరిది, నేల ఎవరిది, మీటరు ఎవరిది అను ప్రశ్నలకు సమాధానము వ్రాసి యుంచుటలోనే కొరత.

ముందుగా కేంద్ర ప్రభుత్వపు నిబంధనలను చూడవలెను. 2018 ఏప్రిల్‌లో విద్యుత్ మంత్రిత్వ శాఖ ఒక ముఖ్యమైన సంగతిని స్పష్టపరచెను. వాహనమును ఛార్జి చేయుట సేవయే గాని 2003 నాటి విద్యుత్ చట్టము దృష్టిలో విద్యుత్తు అమ్మకము కాదనియు, అందుకు లైసెన్సు అక్కరలేదనియు చెప్పెను. ఆ మాటతో కిరాణా కొట్టువాడు సయితము ఛార్జింగు కేంద్రము పెట్టుకొనుటకు దారి ఏర్పడెను. అదే సంవత్సరము డిసెంబరులో వెలువడిన మార్గదర్శకములు పట్టణమును 3 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గల గళ్లుగా విభజించి, గడి కొక్కటియైనను కేంద్ర ముండవలెననెను. 2019 ఫిబ్రవరిలో నమూనా భవన నిబంధనలను సవరించి, క్రొత్త కట్టడముల పార్కింగు స్థలములో 20 శాతము ఛార్జింగునకు అనువుగా నుండవలెనని సూచించిరి. 2024 సెప్టెంబరు నాటి మార్గదర్శకములు గడిని 2030 నాటికి ఒక కిలోమీటరునకు తగ్గింపవలెనన్నవి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము కూడ 2022లో అయిదేండ్ల కాలమునకు తన విద్యుద్వాహన విధానమును ప్రకటించినది.

ఈ గడి లెక్క కాగితముపై చక్కగా నుండును. 3 కిలోమీటర్ల గడికి నడుమ కేంద్రమున్నచో మూలనున్న ఇంటికి అది సుమారు 2.1 కిలోమీటర్ల దూరము. ఒక కిలోమీటరు గడియైనచో ఆ దూరము 0.7 కిలోమీటరునకు తగ్గును. అయితే ఈ కొలత పక్షి యెగురు దూరము. మనిషి బండి నెట్టు దూరము కాదు. రైల్వే పట్టణమున నడుమ పట్టాలు, యార్డులు, షెడ్లు అడ్డముగా పరుండి యుండును. ఎదురుగా కనబడు వీధికి పోవుటకు ఓవర్‌బ్రిడ్జి వరకు పోయి చుట్టి రావలెను. గడిలో కేంద్రమున్నదని దస్త్రము చెప్పును. పట్టాలకు ఈవలనున్న కుటుంబమునకు అది లేనట్లే. కావున ఇట్టి పట్టణములలో గడులను రూళ్లకర్రతో గాక, పట్టాలను, నదిని, వంతెనలను హద్దులుగా గొని గీయవలెను. బిలాస్‌పూర్ నేర్పు మొదటి పాఠ మిది.

రెండవ పాఠము భూమికి సంబంధించినది. నగర ప్రణాళికకు రాష్ట్ర చట్టము ఆధారము. భవన అనుమతులు నగరపాలక సంస్థ చేతిలో నున్నవి. కాని రైల్వే భూమి కేంద్ర ప్రభుత్వ ఆస్తి. రైల్వే నిర్వహణకు అవసరమగు పనులను ఇతర చట్టములతో నిమిత్తము లేకుండ చేసికొను అధికారమును 1989 నాటి రైల్వే చట్టపు 11వ సెక్షను రైల్వే పరిపాలనకు ఇచ్చుచున్నది. రైళ్లు నిరాటంకముగా నడచుటకు ఈ యేర్పాటు అవసరమే. దాని ఫలితముగా నగరపాలక సంస్థ తయారుచేయు పటములో రైల్వే కాలనీ ఖాళీ చోటుగా మిగిలిపోవు ప్రమాదమున్నది. నగరపాలక సంస్థ అది రైల్వేవారి పని యనును. రైల్వే శాఖ తన పని రైళ్లు నడపుట యనును. ఇద్దరి మాటయు సబబే. నడుమ నిలిచిపోవునది ఉద్యోగి బండి. ఇద్దరు బంధువుల ఇంట భోజనమున్నదని నమ్మిన చుట్టము పస్తుండినట్లగును.

దీనికి మందు లేకపోలేదు. ప్రభుత్వ సంస్థల భూమిని ఛార్జింగు కేంద్రములకు యూనిట్టునకు ఒక రూపాయి చొప్పున ఆదాయ భాగము మీద ఇచ్చు పద్ధతిని 2022 జనవరి మార్గదర్శకములు చూపినవి. స్టేషను ముంగిలి, కాలనీ అంగడి, ఆసుపత్రి ఆవరణ – ఈ మూడు చోట్లను ఇరుపక్షములు కలిసి గుర్తించి ఒకే పటముపై సంతకములు చేసినచో సగము పని తీరినట్లే.

మూడవ పాఠము కాలమునకు సంబంధించినది. ఛార్జింగు అనగానే పెట్రోలు బంకువలె వచ్చి, నింపుకొని, పోవుట యను భావము కలుగును. అది పొరపాటు. వేగముగా ఛార్జి చేయు పెద్ద యంత్రము రాయపూరు మార్గము వంటి రహదారికి అవసరము. ఊరిలో తిరుగు స్కూటరునకు కావలసినది నెమ్మదియైన ప్లగ్గు. సుమారు 3 యూనిట్లు పట్టు బ్యాటరీని ముప్పాతిక కిలోవాటు ఛార్జరు నాలుగైదు గంటలలో నింపును. బండి నడచు కాలము కంటె నిలిచియుండు కాలమే ఎక్కువ గనుక, అది ఎచ్చట ఎక్కువసేపు నిలుచునో అచ్చట ప్లగ్గు నుంచుట బుద్ధి.

రైల్వే ఉద్యోగి బండి ఎచ్చట నిలుచును? ఎనిమిది గంటలు షెడ్డు ముంగిట, యార్డు ప్రక్కన, కార్యాలయ ఆవరణలో. రాత్రి క్వార్టరు ముందు. ఊరికి పోయినవాని బండి రెండు దినములు స్టేషను స్టాండులో. 2024 మార్గదర్శకములు ఉదయము 9 గంటల నుండి సాయంత్రము 4 గంటల వరకు సౌర సమయమని పేర్కొని, ఆ వేళ ఛార్జింగు కేంద్రములకు ఇచ్చు విద్యుత్తు ధరను సగటు సరఫరా వ్యయములో 0.7 వంతుగాను, తక్కిన వేళ 1.3 వంతుగాను సూచించినవి. పగటి ఎండ నుండి వచ్చు కరెంటు చౌక. రాత్రి బొగ్గు నుండి వచ్చునది ప్రియము. పగటి డ్యూటీవాని బండి పనిచోటనే ఛార్జి యగుట అతనికిని, దేశమునకును లాభము. విద్యుద్వాహనము పొగను పూర్తిగా మాన్పదు. వీథి నుండి తీసి సీపత్, కోర్బాల పొగగొట్టముల వైపు నెట్టును. పగటి ఛార్జింగు ఆ దోషమును కొంత తగ్గించు ఉపాయము.

ఇక క్వార్టరు సంగతి. క్వార్టర్లకు విద్యుత్తును రైల్వేవారే సరఫరా చేసి, రుసుమును జీతములో మినహాయింతురు. 2024 ఫిబ్రవరిలో సవరింపబడిన వినియోగదారుల హక్కుల నిబంధనలు వాహన ఛార్జింగునకు వేరు కనెక్షను కోరు హక్కు నిచ్చినవి; మునిసిపల్ ప్రాంతములలో క్రొత్త కనెక్షను గడువు 7 దినములు. ఈ సౌకర్యము పంపిణీ కంపెనీ వినియోగదారునికి సూటిగా వర్తించును. రైల్వే క్వార్టరులోని వానికి దానికి సమానమైన ఏర్పాటు శాఖాపరమైన ఉత్తర్వు ద్వారానే రావలెను. ఆ ఉత్తర్వులో చిన్న సంగతులను మరువరాదు. ప్లగ్గు క్వార్టరుకు చెందవలెనే గాని ఉద్యోగికి కాదు. బదిలీయైనవాడు గోడలు త్రవ్వి తీగ పీకికొని పోవు అవస్థ ఉండరాదు. ప్రత్యేక ఉపమీటరు ఉండవలెను. అప్పుడే ఇరుగుపొరుగు తగవులు రావు. మేడమీది క్వార్టరువానికి క్రింద నిర్ణీత స్థల ముండవలెను. లేనిచో కిటికీ నుండి తీగ వ్రేలాడును.

వ్రేలాడు తీగ చిన్న విషయము కాదు. వేసవిలో మండు ఎండలు కాయు ప్రదేశ మది. 2022లో దేశమున పలుచోట్ల విద్యుత్ స్కూటర్లు తగులబడిన పిదప కేంద్రము బ్యాటరీ పరీక్షలను కఠినపరచి, 2022 డిసెంబరు నుండియు, 2023 మార్చి చివరి నుండియు రెండు విడతలుగా అమలుపరచెను. మంచి బ్యాటరీ యున్నను పాత వైరింగు, ఎర్తు లేని ప్లగ్గు కలిసిన ప్రమాదము తప్పదు. పిల్లలు నిద్రించు గదిలో బ్యాటరీ ఛార్జి చేయు పని కాలనీలో ఎవరికిని పట్టకుండుటయే సరియైన ప్రణాళిక.

భారము లెక్క కూడ చూడవలెను. నూరు క్వార్టర్ల సముదాయమున నూరు స్కూటర్లు ఒకేసారి ఛార్జింగునకు పెట్టినచో 75 కిలోవాట్లు. నూరు కార్లు 3.3 కిలోవాట్ల చొప్పున పెట్టినచో 330 కిలోవాట్లు. మొదటి దానిని ఉన్న ట్రాన్స్‌ఫార్మరు ఓర్చుకొనవచ్చును; రెండవది ఓర్వజాలదు. వంతుల వారీగా ఛార్జి చేయుట, రాత్రి పదకొండు తరువాత ఆరంభించుట అను చిన్న క్రమశిక్షణతో ఖర్చు చాల తగ్గును. కేంద్ర ఇ-బస్ సేవా పథకము క్రింద బిలాస్‌పూరునకు 50 బస్సులు మంజూరైనవి. నూరు కిలోవాట్ల చొప్పున పది బస్సులు ఒక్కసారి నిలిచినను ఒక మెగావాటు కావలెను. డిపో స్థలమును నిర్ణయించుటకు ముందే సబ్‌స్టేషను ఎచ్చటనున్నదో చూచుట ఇందుకే.

అన్నిటికంటె ముఖ్యముగా ఆలోచింపదగినవాడు ఇ-రిక్షా తోలువాడు. 2015 చట్ట సవరణతో అతని బండికి చట్టములో స్థానము దొరికెను. స్టేషను నుండి కాలనీకి మందుల సంచితో పోవు వృద్ధురాలిని, బడిపిల్లలను చేరవేయువాడు అతడే. అతని సీసపు బ్యాటరీలకు సుమారు 5, 6 యూనిట్లు, ఎనిమిది పది గంటల కాలము కావలెను. వేగపు ఛార్జరు అతనికి పనికిరాదు. సొంత మీటరు గల ఇల్లు అతనికి లేదు. ప్రణాళికలో అతనికి చోటు లేనిచో ఎవరి షెడ్డులోనో అడిగినంత యిచ్చి ఛార్జి చేయించుకొనును, లేదా దొంగ తీగ తగిలించును. స్టేషను దాపున రాత్రి నిలుపు స్థలము, కాపలా, మీటరుగల ప్లగ్గులు – ఇవి యేర్పడినచో ఆ కుటుంబపు రోజు కూలి నిలుచును. విధానము మంచిదా కాదా యనుటకు గీటురాయి ఇదే.

తెలుగు రాష్ట్రములకును ఈ విషయము దూరము కాదు. ఆంధ్రప్రదేశ్ 2018లోను, తెలంగాణ 2020లోను తమ విధానములను ప్రకటించినవి. కాజీపేట, గుంతకల్లు, విజయవాడ, వాల్తేరు – ఇవన్నియు బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్లే. పట్టాలకు ఈవల ఒక ప్రభుత్వము, ఆవల ఒక ప్రభుత్వమువలె నుండు స్థితి అచ్చటను కలదు. కావున బిలాస్‌పూరునకు కుదిరిన పద్ధతి ఆ ఊళ్లకును కుదురును.

చెప్పవచ్చినది క్లుప్తముగా నిది. గడులను పట్టాల వెంబడి గీయవలెను. రైల్వేయు, నగరపాలక సంస్థయు, పంపిణీ కంపెనీయు ఒకే పటము మీద కూర్చుండవలెను. వేగపు యంత్రములను రహదారికి వదలి, నెమ్మది ప్లగ్గులను పనిచోటున, క్వార్టరులో, స్టాండులో పెట్టవలెను. రిక్షావానికి రాత్రి చోటు చూపవలెను. వీనిలో ఏ ఒక్కటియు కోట్లతో ముడిపడినది కాదు; దస్త్రముపై సకాలమున వ్రాయు నాలుగు వాక్యములతో ముడిపడినది. ఆ దస్త్రములు నడపువారు ఈ సభలోను, ఇట్టి సభలలోను ఆసీనులై యున్నారు. నూటముప్పది యేండ్లకు పూర్వము పట్టాలు వేసినవారు వాని ప్రక్కనే కుళాయియు, దీపమును, బడియు కట్టి కాలనీ యనిపించిరి. నేటివారు ఆ కాలనీకి ఒక ప్లగ్గును చేర్చుట కష్టమగునా?

స్వస్తి.